మంచుకొండకు అదను

ఉప్పాడ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా ఆ 61 రోజులు వేట నిషేధం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉప్పాడకు సుమారు 1,300 కిలోమీటర్ల దూరాన ఎవరెస్టు కింద డేరాలు వెలుస్తాయి. ఏడాది మొత్తంలో ఆ శిఖరం ఎక్కేవాళ్లలో దాదాపు అందరూ మే నెలలోనే ఎక్కుతారు. వేట నిషేధానికీ శిఖరారోహణకూ సంబంధమేమీ లేదు. సముద్రానికీ శిఖరానికీ మాత్రం గట్టి సంబంధమే ఉంది. మే నెలలో ఎవరెస్టు మీద గాలి తగ్గడానికీ, జూన్‌లో మంచు పేరుకోవడానికీ, ఒక్కో అక్టోబర్‌లో ఉన్నట్టుండి కొండదారులు మూసుకుపోవడానికీ కారణం వెతుకుతూ పోతే బంగాళాఖాతం దగ్గరికే వస్తాం.

మామూలు కొండ ఎక్కడానికి వాన లేని రోజు చాలు. హిమానీనదాన్ని మోసే కొండకు అంతకన్నా చాలా కుదరాలి. కాలి కింద మంచు గట్టిగా ఉండాలి, శిఖరం మీద గాలి నెమ్మదించాలి, కొత్త మంచు పడకూడదు. ఇవన్నీ ఒకే నెలలో కలిసొచ్చే కొండ భూమ్మీద దాదాపు లేదు. ఏ నెలలో ఏ ప్రమాదం ఎక్కువో, ఏది తక్కువో తూచుకుని ఒకదాన్ని ఎంచుకోవడమే అదను చూసుకోవడం. తెలుగువాళ్లు ఈ రంగంలోకి వచ్చింది ఆలస్యంగానే అయినా, వాళ్ల విజయాల తేదీలూ విషాదాల తేదీలూ కలిపి చదివితే ఈ శాస్త్రం చాలావరకు బోధపడుతుంది.

కాలి కింద మంచు

హిమానీనదం నిలకడగా ఉండే మంచు కాదు. ఏళ్ల తరబడి పడ్డ మంచు తన బరువుకు తానే నొక్కుకుని గట్టి ఐసుగా మారి, వాలు వెంట మెల్లగా కిందికి జారుతూ ఉంటుంది. వాలు మారినచోటా, మలుపు తిరిగినచోటా ఆ ఐసు చీలి పగుళ్లు పడతాయి. వాటిలో కొన్ని పదుల మీటర్ల లోతు ఉంటాయి. కంటికి కనిపించే పగులుతో పెద్ద చిక్కు లేదు. పైన మంచు కప్పి కనిపించనిదే మనుషుల్ని మింగుతుంది.

చలికాలంలో గాలి కొట్టుకొచ్చిన మంచు ఈ పగుళ్ల నోళ్ల మీద కప్పులా పేరుకుంటుంది. పర్వతారోహకులు దాన్ని మంచు వంతెన అంటారు. నడిచలికాలంలో అది పొడిపొడిగా ఉంటుంది, నమ్మడానికి లేదు. వసంతంలో పగటి ఎండకు పై పొర కరగడం, రాత్రికి మళ్లీ గడ్డకట్టడం రోజూ జరుగుతూ వంతెన గట్టిపడుతుంది. వేసవి ముదిరేకొద్దీ పలచబడుతుంది, ఒకనాడు కూలుతుంది. వేసవి చివరికి పగుళ్లన్నీ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అప్పుడు ప్రమాదం కనిపిస్తుంది గానీ దాటే దారి ఉండదు. చుట్టూ తిరిగి పోవాలి, లేదా నిచ్చెనలు వేయాలి. పై మంచు పోయి గట్టి ఐసు బయటపడ్డ వాలు మీద కాలు జారితే ఆపుకోవడం కష్టం. పైగా రాళ్లను పట్టి ఉంచిన మంచు కరిగి, రాళ్లు రాలడం మొదలవుతుంది.

అలాస్కాలోని 6,190 మీటర్ల డెనాలి ఈ లెక్కకు మంచి ఉదాహరణ. అక్కడ ఆరోహణ కాలం ఏప్రిల్ చివరి నుంచి జూలై మధ్య దాకా. మే మొదట్లో కింది హిమానీనదం మీద వంతెనలు గట్టిగా ఉంటాయి, పై శిబిరాల్లో చలి మాత్రం ఘోరంగా ఉంటుంది. జూలైకి చలి తగ్గుతుంది, కానీ కింద కహిల్ట్నా హిమానీనదం మెత్తబడి పగుళ్లు తెరుచుకుంటాయి. చిన్న విమానాలు స్కీల మీద దిగేది ఆ హిమానీనదం మీదే కాబట్టి రావడం, పోవడం రెండూ ఇబ్బందే. రెండు చివరలకూ మధ్యన జూన్ ఉంది. తెలంగాణ పర్వతారోహకురాలు మలావత్ పూర్ణ 2022లో డెనాలి శిఖరం చేరింది జూన్ 5న. ఆ అక్షాంశంలో జూన్ రాత్రికి చీకటి పడదు. అందువల్ల జట్లు కింది హిమానీనదాన్ని చల్లని రాత్రివేళ, మంచు బిగిసి ఉన్నప్పుడు దాటగలుగుతాయి.

సియాటిల్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు కనిపించే మౌంట్ రెయినియర్ 4,392 మీటర్ల అగ్నిపర్వతం, ఒళ్లంతా హిమానీనదాలు. అక్కడ మే, జూన్‌లలో మంచు నిండుగా ఉంటుంది, వాతావరణం తరచూ పాడవుతుంది. జూలైలో ఆకాశం కుదుటపడుతుంది. సెప్టెంబర్‌కు పగుళ్లు పెరిగి మామూలు దారి మెలికలు తిరుగుతుంది. ఇంత తెలిసిన కొండ మీదనే 1981 జూన్ 21న, మంచి కాలం అని అందరూ చెప్పే రోజుల్లో, ఇంగ్రాహం హిమానీనదం పైనుంచి మంచు దిమ్మలు కూలి 11 మంది చనిపోయారు. వేలాడే మంచు దిమ్మ ఏ నెలలో కూలాలో ముందుగా ఎవరికీ చెప్పదు. అలాంటి దిమ్మల కింద తక్కువసేపు ఉండటం ఒక్కటే మనిషి చేతిలో ఉంది.

ఋతువుకు ఉన్నట్టే రోజుకూ అదను ఉంది. హిమానీనదం మీద జట్లు అర్ధరాత్రి దాటగానే తలదీపాలతో బయలుదేరేది సాహసం చూపించుకోవడానికి కాదు. తెల్లవారుజామున మంచు బిగిసి ఉంటుంది, వంతెనలు బరువు మోస్తాయి, రాళ్లు ఐసులో ఇరుక్కుని ఉంటాయి. సూర్యుడు పైకొచ్చిన కొద్దీ ఈ మూడూ తలకిందులవుతాయి. మధ్యాహ్నంలోగా కిందికి దిగిపోయేలా లెక్క వేసుకోవడం ప్రతి హిమానీనద ఆరోహణకూ మొదటి నియమం. వేడి సంవత్సరాల్లో రాత్రి కూడా మంచు గడ్డకట్టకపోతే ఆ నియమానికి అర్థమే ఉండదు, ఆ రోజు పైకి వెళ్లకూడదు.

కృత్తిక, రోహిణి కార్తెల మధ్య

హిమాలయాల్లో ఈ కథకు గాలి వచ్చి చేరుతుంది. భూమికి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు దూసుకుపోయే జెట్ ప్రవాహం చలికాలమంతా హిమాలయాల మీదే తిష్ఠ వేస్తుంది. 8,848.86 మీటర్ల ఎవరెస్టు తల నేరుగా అందులో ఉంటుంది. అప్పుడు శిఖరం మీద గాలి గంటకు 160 కిలోమీటర్లు దాటడం మామూలే. ఏప్రిల్, మే నెలల్లో ఉపఖండం వేడెక్కి, బంగాళాఖాతం మీద రుతుపవనాలు కూడగట్టుకునే సరికి ఈ ప్రవాహం ఉత్తరానికి, టిబెట్ పీఠభూమి అవతలికి జరుగుతుంది. అది తప్పుకున్నాక, వాన మబ్బు ఇంకా చేరకముందు కొద్ది రోజుల తెరపి దొరుకుతుంది. ఒక్కో ఏడాది పది రోజులు, ఒక్కో ఏడాది రెండు మూడు రోజులే. ఎవరెస్టు మీద అదను అంటే ఈ తెరపే.

గోదావరి జిల్లాల రైతు పంచాంగంలో చూస్తే ఇది కృత్తిక కార్తె చివర, రోహిణి కార్తె మొదట్లో పడుతుంది. ఇక్కడ ఎండకు రోళ్లు పగులుతున్నాయనుకునే రోజులే అక్కడ శిఖరం చేరనిచ్చే రోజులు. టెన్జింగ్, హిల్లరీ శిఖరం చేరింది 1953 మే 29న. ఆ జట్టు కోసం ఆలిండియా రేడియో ప్రత్యేకంగా వాతావరణ సూచనలు ప్రసారం చేసేది. భారత జట్లను 1960లోనూ 1962లోనూ శిఖరానికి కొద్ది దూరంలో వాతావరణమే వెనక్కి తిప్పింది. 1965లో ఎం.ఎస్. కోహ్లి నాయకత్వంలోని జట్టు మే 20 నుంచి 29 లోపు నాలుగు విడతల్లో తొమ్మిది మందిని పైకి చేర్చింది. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు తేదీ 2006 మే 21. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌ల తేదీ 2014 మే 25.

అదను దాటాక ఏం జరుగుతుందో తొలి ప్రయత్నాల్లోనే తేలింది. 1922లో బ్రిటిష్ జట్టు రుతుపవనాల మంచు పడ్డాక కూడా ఇంకొక్కసారి ప్రయత్నిద్దామని జూన్ 7న నార్త్ కోల్ వాలు ఎక్కబోయింది. మంచు చరియ విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. ఎవరెస్టు మీద నమోదైన మొదటి పెద్ద ప్రమాదం అది. చనిపోయినవాళ్లందరూ బరువులు మోసేవాళ్లే కావడం, వెళ్దామని నిర్ణయించింది వేరేవాళ్లు కావడం ఆ తర్వాతి నూరేళ్ల చరిత్రలోనూ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

పూర్ణ బృందం దారిని ఎంచుకున్న తీరు కూడా గమనించదగ్గదే. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయాల సంస్థ కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ప్రోత్సాహంతో, 2007లో ఎవరెస్టు ఎక్కిన శేఖర్‌బాబు బచినేపల్లి శిక్షణలో ఈ పిల్లలు భువనగిరి రాతికొండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లోనూ లద్దాఖ్ చలిలోనూ తర్ఫీదు పొందారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ల పదకొండు నెలలు. నేపాల్ నిబంధనల ప్రకారం పదహారేళ్లు నిండాలి కాబట్టి టిబెట్ వైపు నుంచి, ఉత్తరపు దారిలో వెళ్లారు. ఉత్తర దారిలో గాలి, చలి ఎక్కువ. అయితే దక్షిణ దారిలో తప్పనిసరి అయిన ఖుంబు మంచుజలపాతం అక్కడ లేదు. ఆ ఏడాది ఏప్రిల్ 18 ఉదయం ఖుంబు మీద మంచు దిమ్మ కూలి 16 మంది నేపాలీ పనివాళ్లు మరణించారు, దక్షిణం వైపు ఆరోహణలు ఆ సీజనుకు దాదాపుగా ఆగిపోయాయి. ఉత్తరం వైపు కొనసాగాయి. వయసు నిబంధన కోసం ఎంచుకున్న దారి కాస్తా అదను తప్పకుండా కాపాడింది.

మే తెరపి చిన్నదైతే ఇంకో చిక్కు వస్తుంది. 2019 మే 3న ఒడిశాలోని పూరీ దగ్గర ఫణి తుఫాను తీరం దాటింది. దాని ప్రభావంతో ఎవరెస్టు రెండో శిబిరంలో డేరాలు గాలికి కొట్టుకుపోయాయి, తాళ్లు కట్టే పని వెనకబడింది. తర్వాత తెరపి దొరికిన కొద్ది రోజులకే అందరూ ఎగబడటంతో మే 22, 23 తేదీల్లో శిఖరం కింద మనుషులు వరస కట్టారు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ వసంతంలో ఎవరెస్టు మీద 11 మంది పోయారు. 2021 మే 26న ఒడిశా తీరం దాటిన యాస్ కూడా సీజను చివర్లో కొండ మీద మంచు కుమ్మరించింది. జనం ఎక్కువైనప్పుడు మంచి రోజు కూడా చెడ్డ రోజే. ఎత్తులో నిలబడి ఎదురుచూసే ప్రతి గంటా ప్రాణవాయువు సిలిండర్‌లోంచి ఖర్చవుతుంది.

మస్తాన్‌బాబు వేసుకున్న క్రమం

కాలాన్ని ఎంచుకోవడంలో తెలుగువాళ్లు చూపిన నేర్పుకు అసలైన నమూనా మల్లి మస్తాన్‌బాబు 2006 ప్రయాణం. 1974లో నెల్లూరు జిల్లా గాంధీజనసంగంలో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, కలకత్తాల్లో ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ పూర్తి చేసిన ఈ మనిషి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. కండబలం, ఖర్చు, పట్టుదల గురించి పత్రికలు చాలా రాశాయి. ఆ క్రమంలోని తెలివి గురించి రాసింది తక్కువ.

జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్. దక్షిణార్ధగోళంలో అది నడివేసవి, ఇరవై నాలుగు గంటలూ వెలుతురు. డిసెంబర్, జనవరి దాటితే అక్కడికి విమానాలే ఉండవు. ఫిబ్రవరి 17న అర్జెంటీనాలోని అకాంకాగ్వా, ఆండీస్ వేసవి ముగిసే లోపు. మార్చి 15న ఆఫ్రికాలో కిలిమంజారో, అక్కడి పెద్ద వానలు ఊపందుకునే ముందు. ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కోసియుస్కో, దానికి హిమానీనదం లేదు, పెద్ద లెక్కా లేదు. మే 21న ఎవరెస్టు, తెరపి నడుమ. జూన్ 13న కాకసస్‌లోని ఎల్‌బ్రుస్. అది జూలై, ఆగస్టుల కొండ, ఇక్కడ కాస్త ముందే వెళ్లాడు. జూలై 10న డెనాలి, సీజను తలుపులు మూసుకునే వేళ. దక్షిణం నుంచి ఉత్తరానికి వేసవి ఎలా జరుగుతుందో ఆయన దాని వెంటే నడిచాడన్నమాట. ఎవరెస్టు తేదీ మనిషి చేతిలో లేదు, మిగతావన్నీ దాని చుట్టూ అమర్చుకోవాలి. క్యాలెండర్ తీసి చూస్తే ఆ ఏడు తేదీలూ వారంలోని ఏడు వేర్వేరు రోజులు కావడం మరో సరదా.

ఆయన మరణం కూడా కాలంతో ముడిపడిందే. 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దులో 6,700 మీటర్లు దాటిన ట్రెస్ క్రుసెస్ సుర్ మీదికి ఒంటరిగా బయలుదేరాడు. ఆండీస్‌లో అది వేసవి వెళ్లిపోయే సమయం. ఆ వారమే ఉత్తర చిలీ మీద తుఫాను విరుచుకుపడి, ప్రపంచంలో అత్యంత పొడి ప్రాంతాల్లో ఒకటైన అటకామా ఎడారిలో వరదలు వచ్చాయి. ఆ కొండకు పడమట ఉన్న కోపియాపో పట్టణం బురదలో మునిగింది. మస్తాన్‌బాబు తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదట్లో ఆయన దేహం కొండ మీద దొరికింది. తొమ్మిదేళ్ల కిందట ఫిబ్రవరిలోనే ఆండీస్ పని ముగించుకున్న మనిషి ఇక్కడ మార్చి చివరిదాకా ఉండటం, అదీ ఒంటరిగా ఉండటం ఆయన నైపుణ్యాన్ని తగ్గించదు. కానీ సీజను అంచున పొరపాటుకు మిగిలే చోటు ఎంత తక్కువో అంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదంతం తెలుగువాళ్లకు మరొకటి లేదు.

శరత్కాలపు చిక్కు

రుతుపవనాలు వెనుదిరిగాక అక్టోబర్, నవంబర్‌లలో హిమాలయాల్లో రెండో సీజను. ఆకాశం కడిగినట్టు ఉంటుంది, శిఖరాలు మైళ్ల దూరం నుంచి కనిపిస్తాయి, దసరా సెలవులూ కలిసొస్తాయి. పర్యటన సంస్థల కాగితాల్లో అక్టోబర్‌ను మించిన నెల ఉండదు. నడకదారుల వరకు ఆ మాట చాలావరకు నిజమే. హిమానీనద శిఖరాలకు వచ్చేసరికి తూకం మారుతుంది. నాలుగు నెలలు పడ్డ రుతుపవనాల మంచు పై వాలుల మీద ఇంకా కుదురుకోకుండా ఉంటుంది. పగలు తగ్గుతుంది, చలి పెరుగుతుంది, జెట్ ప్రవాహం రోజురోజుకూ దక్షిణానికి తిరిగొస్తుంది. వసంతంలో నెట్టుకొస్తే రేపు ఇంకాస్త వెచ్చన. శరత్తులో ఆలస్యమైన ప్రతి రోజూ పరిస్థితి ఇంకాస్త గడ్డు.

ఎవరెస్టును శరత్తులో తొలిసారి ఎక్కింది 1973 అక్టోబర్‌లో ఒక జపాన్ జట్టు. పన్నెండేళ్ల తర్వాత, 1985 శరత్తులో భారత సైన్యం అదే ప్రయత్నం చేసింది. అక్టోబర్‌లో పై శిబిరాల్లో గాలితుఫాను పట్టుకుంది, జట్టులో ఐదుగురు అధికారులు చనిపోయారు. వారిలో ఒకరు కోరుకొండ సైనిక్ స్కూల్ పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కర రావు. ఆ బడిలో తర్వాత చదివిన మస్తాన్‌బాబుకు కొండల మీద ఆసక్తి కలగడానికి ఆయన కథే కారణం. 2012 సెప్టెంబర్ 23న మనాస్లు మీద, 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా మీద మంచు చరియలు విరిగిపడ్డాయి. మొదటిచోట 11 మంది, రెండోచోట ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందంలో 29 మంది ప్రాణాలు పోయాయి. రెండూ రుతుపవనాలు వెనుదిరిగే రోజులే.

ఇక బంగాళాఖాతం. తుఫానులకు ఇక్కడ రెండు కాలాలు: రుతుపవనాల ముందు ఏప్రిల్, మే, వాటి తర్వాత అక్టోబర్ నుంచి డిసెంబర్. హిమాలయ సీజన్లు రెండూ సరిగ్గా వీటిలోనే ఉన్నాయి. తీరం దాటిన తుఫాను నేల మీద బలహీనపడి వాయుగుండంగా, అల్పపీడనంగా మారుతుందని వార్తలు చెప్పి ఊరుకుంటాయి. గాలి బలహీనపడుతుంది గానీ తేమ ఎక్కడికీ పోదు. ఉత్తరాదిన పడమటి నుంచి వచ్చే చలిగాలి అల ఒకటి ఎదురైతే ఆ తేమ అంతా కొండల మీదికి మళ్లుతుంది, అక్కడ మంచుగా కురుస్తుంది.

హుద్‌హుద్ దీనికి మరువరాని ఉదాహరణ. 2014 అక్టోబర్ 12న, చిత్త కార్తెలో, గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. విశాఖ వాసులు కూలిన చెట్లు తొలగించుకుంటూ, కరెంటు కోసం ఎదురుచూస్తూ ఉండగా దాని శేషం ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్‌ల మీదుగా నేపాల్ చేరింది. అక్టోబర్ 14న అన్నపూర్ణ చుట్టుదారిలో 5,416 మీటర్ల థొరోంగ్ లా కనుమ మీద, అది దాటుతున్న వందలాది మంది నెత్తిన గంటల వ్యవధిలో మనిషెత్తు మంచు పడింది. ఆ చుట్టుపక్కల కొండల్లో 40 మందికి పైగా మరణించారు. నేపాల్ నడకదారుల చరిత్రలో అప్పటిదాకా అంతటి విపత్తు లేదు. చనిపోయినవాళ్లలో చాలామంది శిఖరాలు ఎక్కడానికి వచ్చినవాళ్లు కాదు, నడవడానికి వచ్చినవాళ్లు, వాళ్లకు దారి చూపేవాళ్లు, ఊరివాళ్లు. విశాఖలోని తుఫాను హెచ్చరిక కేంద్రం రోజుల ముందు నుంచే బులెటిన్లు ఇస్తూనే ఉంది. ఆ సమాచారం తీరం వెంట ప్రతి మత్స్యకార గ్రామానికీ చేరింది. పన్నెండు వందల కిలోమీటర్ల ఎగువన కనుమ దాటబోతున్నవాళ్లకు మాత్రం చేరలేదు.

ఇది ఒక్కసారితో పోయే విషయం కాదు. 1995 నవంబర్‌లో గోపాల్‌పూర్ వైపు తీరం దాటిన తుఫాను తేమే ఎవరెస్టు దిగువన గోక్యో లోయలో మంచు చరియలకు కారణమై పర్యాటకులను బలిగొంది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను గోదావరి డెల్టా అంచున నర్సాపురం దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే నేపాల్ కొండల్లో భారీగా మంచు కురిసింది, నవంబర్ 3న యాలుంగ్ రి మీద చరియ విరిగిపడి ఏడుగురు చనిపోయారు. ఉప్పాడలో అలలు బీచ్ రోడ్డును కోసుకుపోయిన తుఫాను తాలూకు తేమ అక్కడ డేరాల మీద పడిందన్నమాట.

వానచాటు కొండలు

దేశమంతా వానలు పడే జూలై, ఆగస్టులలోనే అదను కుదిరే కొండలూ ఉన్నాయి. ప్రధాన హిమాలయ శ్రేణి రుతుపవనాల మబ్బును అడ్డుకోవడం వల్ల లద్దాఖ్, జాంస్కర్ వానచాటున పడతాయి. 6,250 మీటర్ల కాంగ్ యాత్సే రెండో శిఖరం, 7,135 మీటర్ల నున్ ఈ కాలపు కొండలే. ఒకప్పుడు కొత్తవాళ్లందరూ వెళ్లిన స్టోక్ కాంగ్రిని రద్దీ వల్ల 2020లో మూసివేశారు. ఇంకా పడమటికి, కారకోరంలో కె2 అదను కూడా జూలై చివరే. హిమాచల్‌లో 5,289 మీటర్ల ఫ్రెండ్‌షిప్ శిఖరానికి మే, జూన్ ఒక విడత, సెప్టెంబర్, అక్టోబర్ మరో విడత. గోదావరి జిల్లాల నుంచి వేసవి సెలవుల్లో వెళ్లే విద్యార్థులకు మే విడత అనుకూలం.

నియమాలను దాటి గెలిచినవాళ్లూ లేకపోలేదు. పోలండ్‌కు చెందిన క్రిస్టాఫ్ వియెలిచ్కీ, లెషెక్ చిహీ 1980 ఫిబ్రవరి 17న నడిచలికాలంలో ఎవరెస్టు ఎక్కారు. అదే ఏడాది ఆగస్టు 20న, నిండు వానాకాలంలో, రైన్‌హోల్డ్ మెస్నర్ టిబెట్ వైపు నుంచి ఒంటరిగా శిఖరం చేరాడు. రుతుపవనాలకు మధ్యలో విరామాలు ఉంటాయని మన రైతులకు తెలిసిందే. మెస్నర్ అలాంటి విరామం కోసం వారాల తరబడి కాచుకుని, అది రాగానే మూడు రోజుల్లో పైకి వెళ్లాడు. 2021 జనవరి 16న పదిమంది నేపాలీలు కలిసి కె2ను తొలిసారి చలికాలంలో గెలిచారు. వీళ్లెవరూ ఋతువును లెక్కచేయనివాళ్లు కాదు. అందరికన్నా ఎక్కువగా లెక్కచేసినవాళ్లు.

జరుగుతున్న క్యాలెండర్

ఈ లెక్కలన్నీ పాత కొండల మీద వేసినవి. హిందూకుష్ హిమాలయాల్లో 2011–2020 మధ్య హిమానీనదాలు అంతకు ముందు దశాబ్దంకన్నా 65 శాతం వేగంగా ఐసు కోల్పోయాయని కాఠ్మండూలోని ఇసిమోడ్ సంస్థ 2023లో లెక్కగట్టింది. ఆల్ప్స్‌లో ఫలితం ఇంకా బాహాటంగా కనిపిస్తోంది. 2022 జూలై 3న ఇటలీలోని మార్మోలాడా హిమానీనదం ముక్క విరిగి 11 మంది చనిపోయారు. ఆ వేసవిలోనే రాళ్లు రాలడం ఎక్కువై మాంట్ బ్లాంక్ మామూలు దారిలో గైడ్లు ఆరోహణలు నిలిపేశారు. నడివేసవి ఒకప్పుడు అక్కడ నిక్కమైన సీజను. ఇప్పుడు జూన్ మేలని అనేవాళ్లు పెరుగుతున్నారు. పాత పుస్తకంలో రాసిన నెల చూసి టికెట్టు కొనే పద్ధతికి కాలం చెల్లిపోతోంది.

హిమాలయంలో మొదటిసారి హిమానీనద శిఖరం ఎక్కాలనుకునే తెలుగువాళ్లకు మే చివరి, జూన్ మొదటి వారాలే మేలు. లద్దాఖ్ అయితే జూలై, ఆగస్టు. అక్టోబర్‌లోనే వీలు పడుతుందనుకుంటే బయలుదేరే ముందు వారం నుంచి భారత వాతావరణ శాఖ బంగాళాఖాతం బులెటిన్ రోజూ చూడాలి. పైకి వెళ్లాక ఫోను అందదు కాబట్టి ఇంటి దగ్గర ఒకరిని చూసి చెప్పేలా పెట్టుకోవాలి, గైడు దగ్గర ఉపగ్రహ ఫోను ఉందో లేదో ముందే అడగాలి. ప్రయాణంలో కనీసం మూడు రోజులు అదనంగా ఉంచుకోవాలి. వాయుగుండం ఏర్పడి కోస్తా వైపు కదులుతోందన్న కబురు అందితే కనుమ దాటకూడదు, పై శిబిరానికి వెళ్లకూడదు. అంతా చక్కబడి ఎండ కాసినా, కొత్త మంచు పడ్డ వాలు కుదురుకునే దాకా ఆగాలి. తిరుగు రైలు టికెట్టు వేళకు రద్దు చేసుకుంటే కొంత డబ్బయినా వెనక్కి వస్తుంది.